మీరు అడిగిన సిరీస్‌ల గురించి

పెద్దోడా, చిన్నమ్మలూ,

పోయిన ఆదివారం ఫోన్‌లో "అమ్మమ్మా, ఈ మధ్య చూసిన సిరీస్‌లలో నీకు ఏది నచ్చింది, ఏది నచ్చలేదు?" అని అడిగారు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. మొహమాటం లేకుండా రాస్తాను. మీరు మెచ్చుకున్నవాటిని కూడా కొన్ని కాదంటాను. కోపం తెచ్చుకోకుండా చదవండి. కథల్లో ముఖ్యమైన మలుపులు కూడా వచ్చేస్తాయి, చూడని సిరీస్ పేరు కనిపిస్తే ఆ భాగం దాటేయండి.

ఈ రెండేళ్ళలో నన్ను బాగా కుదిపేసింది 'అడోలెసెన్స్'. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. నాలుగే ఎపిసోడ్లు. తెల్లవారుజామున పోలీసులు తలుపు బద్దలుకొట్టి ఒక ఇంట్లోకి వస్తారు. వాళ్ళు పట్టుకెళ్ళేది పదమూడేళ్ళ పిల్లాణ్ణి, జేమీని. తన స్కూల్లో చదివే అమ్మాయిని చంపాడన్నది నేరం. పెద్దోడా, నువ్వు అమ్మో నాన్నో పక్కనుండగా చూడు. చిన్నమ్మలూ, నువ్వు ఇంకో రెండు మూడేళ్ళు ఆగు తల్లీ. నీకు అర్థం కాదని కాదు. బాగా అర్థమవుతుంది, అందుకే ఆగమంటున్నాను.

అందులో ఒక్కో ఎపిసోడూ ఒకే షాట్. కెమెరా ఆన్ చేశాక దాదాపు గంటసేపు ఎక్కడా కట్ లేదు. చివర్లో ఎవరైనా పెద్ద తప్పు చేస్తే మళ్ళీ మొదటినుంచి తియ్యాల్సిందే. అందుకే ముందు వారాల తరబడి రిహార్సల్స్ చేసి, తర్వాత రోజుకి రెండుసార్లు చొప్పున ఎపిసోడ్ మొత్తం తీశారు. మొదట విన్నప్పుడు ఇదంతా మెప్పు కోసం చేసిన విన్యాసం అనుకున్నాను. మూడో ఎపిసోడ్ చూశాక నా మాట వెనక్కి తీసుకున్నాను.

ఆ ఎపిసోడ్‌లో దాదాపుగా ఉన్నదంతా ఒక గది, ఒక బల్ల, అటూ ఇటూ ఇద్దరు మనుషులు. జేమీ మనసు ఎలా ఉందో కోర్టుకి చెప్పడానికి ఒక సైకాలజిస్టు వస్తుంది. వాడికి హాట్ చాక్లెట్ తెస్తుంది. తన శాండ్‌విచ్‌లో సగం వాడి ముందు పెడుతుంది. అందులో వేసినది తనకి నచ్చదంటాడు వాడు. మాటలు మామూలుగానే నడుస్తుంటాయి. ఉన్నట్టుండి లేచి అరుస్తాడు, కప్పు విసిరేస్తాడు. మరుక్షణం మళ్ళీ చిన్నపిల్లాడు. ఊపిరి తీసుకోవడానికి ఆమె బయటికి వెళ్తే కెమెరా కూడా ఆమె వెంటే వెళ్తుంది. ఆమె ధైర్యం తెచ్చుకుని తిరిగి లోపలికి వస్తేనే మనం కూడా వస్తాం. మామూలుగా తీసిన సీన్ అయితే మధ్యలో ఏ కిటికీనో, గడియారాన్నో చూపించి మన కళ్ళకి కాస్త విరామం ఇచ్చేవాళ్ళు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఒకే షాట్‌లో తీయడం ఎందుకో అప్పుడు అర్థమైంది నాకు.

ఒకచోట వాడు ఆవలిస్తాడు. "ఏంటి, బోర్ కొడుతున్నానా?" అన్నట్టు ఆమె అడుగుతుంది. ఆ ఆవలింత స్క్రిప్టులో లేదు. ఆ కుర్రాడు, ఓవెన్ కూపర్, నిజంగానే అలసిపోయాడు. ఎదురుగా ఉన్న ఎరిన్ డోహర్టీ పాత్రలోనే ఉండి ఆ మాట అనేసింది. దాన్ని అలాగే ఉంచారు. వాడికి అంతకుముందు కెమెరా ముందు నటించిన అనుభవం లేదు. పైగా అన్నిటికన్నా ముందు తీసింది ఈ మూడో ఎపిసోడే. సిరీస్ వచ్చిన ఏడాదే పదిహేనేళ్ళ వయసులో ఎమ్మీ అందుకున్నాడు, అమెరికాలో టీవీకిచ్చే పెద్ద అవార్డు అది. నటనలో ఎమ్మీ గెలిచిన మగవాళ్ళందరిలోకీ చిన్నవాడు వాడే.

ఇక చివర్లో వాణ్ణి లాక్కెళ్ళిపోతారు, ఆమె ఒక్కతే మిగులుతుంది. బల్ల మీద కొరికిన శాండ్‌విచ్ ఉంటుంది. తీయబోయి చేయి వెనక్కి లాక్కుంటుంది. అంతే. ఒక్క మాట లేదు. గంటసేపు ఆ పిల్లాడితో ఓపిగ్గా, దయగా మాట్లాడిన మనిషి వాడు కొరికిన రొట్టెముక్క ముట్టుకోలేకపోయింది. ఆ సీన్ నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

ఇంత మెచ్చుకున్నా నాకు ఒక బాధ మిగిలిపోయింది. చనిపోయిన అమ్మాయి కేటీ మనకి ఎక్కడుంది? అందరూ జేమీనే గుర్తుంచుకుంటారు, ఆ పిల్లని ఎవరూ గుర్తుంచుకోరు అని రెండో ఎపిసోడ్‌లో పోలీసావిడే అంటుంది. మాట సరైనదే. అయితే తెలిసి కూడా సిరీస్ ఆ పనే చేసింది. నాలుగో ఎపిసోడ్‌లో తండ్రి కొడుకు గదిలోకి వెళ్ళి మంచం మీద కూలబడి ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. కేటీ గది ఎలా ఉండేదో, వాళ్ళమ్మ ఏం చేస్తోందో నాకు ఒక్క నిమిషం కూడా చూపించలేదు.

ఇక పెద్దోడికి ప్రాణమైన కొరియా సిరీస్ 'స్క్విడ్ గేమ్'. అప్పుల్లో మునిగినవాళ్ళు డబ్బు కోసం చిన్నపిల్లల ఆటలాడతారు, ఓడితే చావే. ఇది పూర్తిగా పెద్దవాళ్ళ కోసం తీసింది. నువ్వు చూసేశావని తెలుసు కాబట్టి దాచకుండా మాట్లాడతాను. 2021లో వచ్చిన మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లూ గొప్పవే. దర్శకుడు హ్వాంగ్ డాంగ్-హ్యుక్ ఈ కథని మొదట సినిమాగా రాసుకున్నాడు, దాదాపు పదేళ్ళపాటు ఎవరూ డబ్బు పెట్టలేదు. గోలీల ఆట ఉన్న ఆరో ఎపిసోడ్ చూడు. జతలుగా విడిపొమ్మంటారు. మనం కలిసి ఆడబోతున్నాం అనుకుని ప్రతివాడూ తనకి దగ్గరైన మనిషినే ఎంచుకుంటాడు. తీరా ఆ జతలోనే ఒకరు చావాలి. ఇద్దరమ్మాయిలు ఉంటారు గుర్తుందా? టైమంతా ఆడకుండా కబుర్లు చెప్పుకుని, చివరికి ఒక్క విసురుతో తేల్చుకుంటారు. అందులో ఒకమ్మాయి కావాలనే గోలీని కాళ్ళ దగ్గర జారవిడుస్తుంది. ఎంతమంది చచ్చారో లెక్కపెడుతున్న కథ ఒక్కసారి ఆగి, ఇద్దరు మనుషుల్ని మన ముందు కూర్చోబెట్టింది. నాకు ఆ సిరీస్ అంటే ఆ సీనే.

ఆ కథ మొదటి సీజన్‌తోనే అయిపోయింది నాన్నా. డబ్బు గెలిచిన మనిషి దాన్ని ముట్టుకోలేకపోయాడు, కూతురి దగ్గరికి వెళ్ళబోతూ విమానం ఎక్కకుండా వెనక్కి తిరిగాడు. అక్కడ వదిలేసి ఉంటే మనం ఇప్పటికీ ఆలోచిస్తూ ఉండేవాళ్ళం. 2024 డిసెంబరులో రెండో సీజన్ వచ్చింది. తిరుగుబాటు సగంలో ఉండగా ఏడో ఎపిసోడ్ దగ్గర ఆపేశారు. మిగతాది 2025 జూన్‌లో మూడో సీజన్ పేరుతో ఇచ్చారు. రెండూ కలిపి ఒకేసారి తీసినవే! ఒక కథని రెండు ముక్కలు చేసి ఆర్నెల్లు కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. మళ్ళీ ఆటలు, మళ్ళీ ఓట్లు, మళ్ళీ చావులు. బంధాలు కట్టడం ఆపి బలులు పెంచుకుంటూ పోయారు. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

ఎందుకిలా సాగదీస్తారో కూడా చెప్పాలి. సినిమాకి టికెట్ తెగితే డబ్బు వచ్చినట్టే. స్ట్రీమింగ్ అలా కాదు, నెలనెలా చందా. మీరు మానేయకుండా ఉండాలి, కొత్తవాళ్ళు చేరుతూ ఉండాలి. కొత్త కథ తీస్తే ఆడుతుందో లేదో తెలీదు, జనానికి తెలిసిన పేరైతే ఆ భయం తక్కువ. అందుకే అయిపోయిన కథని మళ్ళీ లేపుతారు. 2013లో నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' పదమూడు ఎపిసోడ్లనీ ఒకే రోజు విడుదల చేసింది. అప్పట్నించి రాత్రంతా కూర్చుని చూసేయడం మామూలైపోయింది. ఎపిసోడ్ అయిపోగానే కొన్ని సెకన్లలో తర్వాతది దానంతటదే మొదలైపోతుంది. అయిపోయినదాని గురించి ఆలోచించే టైమే ఇవ్వరు. మీ ఫోన్లలో ఆ ఆటోప్లే ఆఫ్ చేసే వీలుంది, సెట్టింగ్స్‌లో చూడండి.

ఒకసారి నేనూ ఒక క్రైమ్ సిరీస్ రాత్రి రెండింటిదాకా వరసగా అయిదు ఎపిసోడ్లు చూశాను. మర్నాడు మీ అమ్మ కథేంటని అడిగితే హంతకుడి పేరు తప్ప ఏమీ చెప్పలేకపోయాను. చూస్తున్నంతసేపూ టెన్షన్, తర్వాత ఖాళీ.

దానికి పూర్తిగా భిన్నంగా జరిగింది 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్' విషయంలో. ఇదీ 2025 మార్చిలోనే వచ్చింది, కొరియా నుంచే. పదహారు ఎపిసోడ్లు, వారానికి నాలుగు చొప్పున నాలుగు వారాలు ఇచ్చారు. మధ్యలో వారం గ్యాప్ ఉండేసరికి నేను వాళ్ళ గురించే ఆలోచించేదాన్ని. ఇప్పుడు అడిగినా వరసగా చెప్తాను. చిన్నమ్మలూ, ఇది నువ్వు తప్పకుండా చూడాలి.

జెజు అనే దీవిలో పుట్టిన ఏ-సన్ అనే అమ్మాయి జీవితం అది. వాళ్ళమ్మ హేన్యో, అంటే ఏ సిలిండరూ లేకుండా ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి నత్తల్లాంటివి ఏరుకొచ్చే ఆడమనిషి. ఆ దీవిలో తరతరాలుగా ఆడవాళ్ళు చేస్తున్న పని. చిన్నపిల్ల ఏ-సన్ ఒక కవిత రాస్తుంది. అమ్మ నీళ్ళలోంచి ఎంతకీ పైకి రావడం లేదని ఆ నత్తల్ని తిట్టుకుంటుంది. వాటిని అమ్మితే వచ్చే డబ్బేదో నేనే ఇచ్చి అమ్మ దగ్గర ఒక్క రోజు కొనుక్కుంటాను అంటుంది. తల్లి ఆ కాగితం చదువుకునే సీన్ దగ్గర నేను ఆపేశాను. లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ పెట్టుకున్నాను.

ఇంకో సంగతి గమనించు. ఏ-సన్ పడుచు వయసు పాత్రనీ, పెద్దయ్యాక ఆమె కూతురి పాత్రనీ ఒకే నటి వేసింది, ఐయూ. తల్లి కలలుగన్న చదువు కూతురు చదువుతుంటే అదే ముఖం మనకి కనిపిస్తుంది. వివరించి చెప్పనక్కర్లేదు, చూస్తుంటే లోపల తెలిసిపోతుంది. పదహారు గంటలు ఎక్కువ కదా అంటే, ఒక మనిషి బాల్యం నుంచి ముసలితనం దాకా చెప్పడానికి అంత కావాలి. అడోలెసెన్స్‌కి నాలుగు చాలు. నిడివి గురించి నా గొడవంతా ఇదే. అంకె ముఖ్యం కాదు, ఆ కథకి ఎంత అవసరమో తీసినవాళ్ళకి తెలిసుండాలి.

'స్ట్రేంజర్ థింగ్స్' మీద మీ ఇద్దరికీ ఉన్న ప్రేమ నాకు తెలుసు. 2016లో సైకిళ్ళేసుకుని తప్పిపోయిన స్నేహితుణ్ణి వెతికిన ఆ పిల్లలంటే నాకూ ఇష్టమే. కానీ కథలో నాలుగేళ్ళు గడిచేసరికి బయట తొమ్మిదేళ్ళు గడిచాయి. 2025 చివర్లో ముగింపు వచ్చేనాటికి వాళ్ళు పిల్లల్లా నటిస్తున్న పెద్దవాళ్ళు. ఆఖరి ఎపిసోడ్ ఒక్కటే రెండు గంటలు దాటింది. మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లూ ఇప్పటికీ మళ్ళీ చూస్తాను. మిగతావి చూడను.

'సెవరెన్స్'లో ఊహ అద్భుతం. ఆఫీసులోకి అడుగుపెట్టగానే బయటి జ్ఞాపకాలు పోతాయి, బయటికి రాగానే ఆఫీసు జ్ఞాపకాలు పోతాయి. అంటే లోపలి మనిషికి ఇల్లు లేదు, నిద్ర లేదు, సెలవు లేదు. మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ ఊపిరాడనివ్వలేదు. ఆ తర్వాత రెండో సీజన్ కోసం 2022 ఏప్రిల్ నుంచి 2025 జనవరి దాకా ఎదురుచూశాం. 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మె చేయడం కూడా ఆలస్యానికి ఒక కారణం, దానికి నేను ఎవరినీ తప్పుపట్టను. కానీ వచ్చాక ఒక చిక్కుముడి విప్పుతూ మూడు కొత్తవి వేశారు. ముడులు పెరిగేకొద్దీ మనుషులు పలచబడ్డారు.

'షోగన్' మాత్రం డబ్బింగ్‌లో చూడకండి. దయచేసి. అందులో మాటల్లో ఎక్కువ భాగం జపనీసే. మారికో అనే ఆవిడ ఓడలో వచ్చిన ఇంగ్లీషువాడికీ జపాన్ ప్రభువుకీ మధ్య దుబాసీ. వాడు మొరటుగా అన్నదాన్ని ఆమె మర్యాదగా మార్చి చెప్తుంది, ఒక్కోసారి కొంత మింగేస్తుంది. అసలు నాటకమంతా ఆ మార్పులోనే ఉంది. అందరూ ఒకే భాషలో మాట్లాడితే అది మాయమైపోతుంది. సబ్‌టైటిల్స్ చదవడం మొదటి అరగంటే కష్టం. ఆ మొదటి సీజన్‌కి 2024లో 18 ఎమ్మీలు వచ్చాయి. ఆధారమైన నవల కథ ఆ పది ఎపిసోడ్లతో ముగిసింది. ఇప్పుడు ఇంకా తీస్తామంటున్నారు, నాకు గుబులుగా ఉంది.

నిజంగా జరిగినవాటి మీద తీసిన సిరీస్‌లు చూసేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి. 'చెర్నోబిల్' నాకు ఎంతో ఇష్టం, అయిదు ఎపిసోడ్లలో ముగించారు. చివరి ఎపిసోడ్‌లో శాస్త్రవేత్త లెగసోవ్ ఎరుపు, నీలం పలకలు పెట్టి రియాక్టర్ ఎందుకు పేలిందో కోర్టులో వివరిస్తుంటే నాలాంటి దానికి కూడా అర్థమైంది. కానీ ఆ విచారణలో నిజానికి లెగసోవ్ లేడు. ఖోమ్యుక్ అనే శాస్త్రవేత్త కూడా కల్పించిన పాత్ర, ఎందరో శాస్త్రవేత్తల పనిని ఒక్క మనిషిగా మలిచారు. ఆ సంగతి చివర్లో వాళ్ళే రాశారు, అది నాకు నచ్చింది. బ్రిటన్ రాజకుటుంబం మీద తీసిన 'ది క్రౌన్' విషయంలో 2022లో అయిదో సీజన్ ట్రైలర్‌కి వచ్చాక గానీ అది కల్పిత నాటకీకరణ అని వివరణలో రాయలేదు. బతికున్న మనుషుల గురించి తీసేటప్పుడు ఆ మాట మొదటి రోజే చెప్పాలి. మీరు ఇలాంటివి చూశాక అసలు జరిగిందేంటో ఒక అరగంట చదవండి.

చిన్నమ్మలూ, టాంజరిన్స్‌లో ఆఖరి నాలుగు ఎపిసోడ్లు రెండోసారి చూడకుండా నీకోసం ఉంచాను. సెలవులకి వచ్చినప్పుడు మొదటినుంచి పెట్టుకుందాం, రోజుకి రెండు, అంతకుమించి వద్దు. పెద్దోడా, స్క్విడ్ గేమ్ మూడో సీజన్ ఎందుకు బాగుందో నీ వాదన ఫోన్‌లో వద్దు, రాసి పంపు. ఏ సీన్ నచ్చిందో, అందులో ఎవరు ఏం చేశారో రాయి. కుదిరితే నేను ఆ సీన్ మళ్ళీ చూసి జవాబు రాస్తాను.

ప్రేమతో
మీ అమ్మమ్మ