ఒక్క సీనూ తీసేయకపోతేనే నవలకు న్యాయమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక యువ రచయిత్రి ఫోను చేశారు. అప్పటికే రాత్రి పదిన్నర దాటింది. ఆమె రాసిన ఫాంటసీ నవల హక్కులు కొంటామని ఎవరో వచ్చారట, ఆ వారంలోనే సంతకాలు. "నవలలోని ఏ సన్నివేశాన్నీ తొలగించరాదని ఒప్పందంలో రాయించుకోవచ్చా సార్?" అని అడిగారు. తీసేయకూడని సన్నివేశాల జాబితా కూడా సిద్ధం చేసుకున్నారు, ముప్పై ఒకటి. ఆమె భయం నాకు అర్థమైంది. ఆరేళ్లు కూర్చుని ఇటుక ఇటుకా పేర్చి కట్టుకున్న లోకాన్ని ముక్కూమొహం తెలియని వాళ్ల చేతుల్లో పెట్టాలంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. కానీ ఆ ఒక్క షరతూ ఆమె నవలను నిలువునా ముంచుతుంది.

ఇరవై ఏళ్లుగా నవలలను స్క్రీన్‌ప్లేలుగా మార్చే పని చేస్తున్నాను. ఈ మాట వినని సంవత్సరం లేదు. అందుకే మిగతావి తర్వాత చూద్దాం, ముందు దీని సంగతి తేల్చేస్తాను.

అపోహ: ఎన్ని సన్నివేశాలు ఉంచితే నవలకు అంత నమ్మకంగా ఉన్నట్టు.

ఈ మాట అనే వాళ్లు సాక్ష్యంగా తెచ్చేది 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అనే ఫాంటసీ నవల రాసిన టోల్కీన్‌ను. "ఆయన బతికి ఉంటే ఒక్క అక్షరం మార్చనిచ్చేవాడా?" అంటారు. ఆయన ఉత్తరాలు అచ్చులో ఉన్నాయి, చదివితే బాగుండును. 1957లో కొందరు అమెరికన్లు ఆ నవలను సినిమాగా తీస్తామని ఒక కథా ప్రతిని ఆయన ముందు పెట్టారు. ఆయనకు ఒళ్లు మండింది. ఎందుకు మండిందన్నదే మనకు కావలసింది. ఎంచుకుని కొన్ని ఉంచి, కొన్ని వదిలేస్తే తనకు అభ్యంతరం లేదన్నాడు. వీళ్లు అలా చేయకుండా అన్నిటినీ కుదించి కుక్కారనీ, దానితో కథ ఇరుకైపోయి, గందరగోళమై, ఘట్టాల పదును పోయిందనీ ఆయన ఫిర్యాదు. మరుసటి ఏడాది రాసిన విమర్శలో ఇంకో మెట్టు ఎక్కాడు. నడిచే చెట్లలాంటి ఎంట్‌ల కథ, హార్న్‌బర్గ్ కోట యుద్ధం, రెండిటికీ చాలినంత చోటు లేకపోతే ఒకటి తీసేయమన్నాడు. తీసేయవలసింది యుద్ధాన్నే అన్నాడు.

ఆ యుద్ధం ఏదో తెలుసు కదా? తర్వాత ఆ నవలను మూడు సినిమాలుగా తీశారు, 2002లో వచ్చిన రెండో సినిమాలో హెల్మ్స్ డీప్ పేరుతో జనం ఊపిరి బిగబట్టి చూసినది. రచయిత పోతేపోనీ అన్న ఘట్టం సినిమాకు వెన్నెముక అయింది. సన్నివేశాలు లెక్కపెట్టే వాళ్లు దీన్ని ఏ ఖాతాలో రాసుకుంటారో నాకు తెలియదు.

ఇక టామ్ బాంబడిల్, నవల మొదట్లో వచ్చే వింత అడవి మనిషి. ఇరవై ఏళ్లు దాటినా ఆయన్ను తీసేశారన్న ఏడుపు ఆగలేదు. థియేటర్లలో ఆడిన మూడు భాగాలూ 178, 179, 201 నిమిషాలు. తొమ్మిది గంటల పైమాటే. అంత నిడివిలో ఆయనకు చోటు దొరకలేదా అంటే, నిడివి ఒక్కటే అడ్డం కాదు. ఈ కథంతా తొడిగినవాణ్ణి మాయం చేసే ఒక ఉంగరం చుట్టూ తిరుగుతుంది. నవలలో బాంబడిల్ ఆ ఉంగరం వేలికి పెట్టుకుంటాడు, మాయం కాడు. దాని శక్తి ఆయన మీద పారదు. పుస్తకంలో ఇది ఎంతో అందమైన చోటు. తెర మీద అదే సమయానికి ప్రేక్షకుడికి ఉంగరం అంటే భయం పుట్టించే పనిలో ఉన్నాం. భయం వేళ్లూనుకోక ముందే దాన్ని లెక్కచేయని మనిషిని చూపిస్తే మిగతా ప్రయాణమంతా వెలవెలబోతుంది. ఆ పని నాకిచ్చినా తీసేసేవాణ్ణే.

అయితే తీసేయడం తేలిక, తెగిన పోగును మళ్లీ ముడివేయడం కష్టం. సమాధి దిబ్బలో చిక్కిన హాబిట్‌లను, అంటే కథలోని పొట్టి మనుషులను కాపాడి, వాళ్లకు పాత బాకులు ఇచ్చేది బాంబడిలే. చివరి భాగంలో వాళ్లలో ఒకడైన మెర్రీ ఆ బాకుతోనే శత్రు సేనాని విచ్ కింగ్‌ను పొడుస్తాడు. మరే కత్తీ అంత గాయం చేయలేదని నవల చెబుతుంది. సినిమాలో వాళ్లకు తోడొచ్చిన అరాగార్న్ ఒక కొండ మీద మూట విప్పి నలుగురికీ కత్తులు పంచుతాడు. అవి ఎక్కడివో చెప్పరు. నవల చదివినవాడికి అక్కడ కలుక్కుమంటుంది. తిట్టదలచుకుంటే ఇలాంటివి పట్టుకుని తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను. ఫారమీర్ అనే యోధుడి విషయంలోనూ కలుపుతాను. దారిలో పడి ఉన్నా ఆ ఉంగరాన్ని ముట్టనని అన్న మనిషిని ఆశపడే వాడిగా మార్చారు. ఎవడో సులువుగా కాదంటే ఉంగరం విలువ పడిపోతుందన్న వాళ్ల లెక్క నాకు అర్థమవుతుంది. అయినా మనసు ఒప్పుకోదు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం, వారపత్రికలో సీరియల్‌గా వచ్చి ఊరూవాడా చదివిన ఒక మాయల నవలను సినిమాకు రాశాను. పాఠకులు కొడతారన్న భయంతో ఒక్క పోగూ వదలలేదు. బౌండ్ స్క్రిప్టు 212 పేజీలైంది. మామూలుగా పేజీకి ఒక నిమిషం లెక్క. రచయిత్రి పెద్దావిడ, ఆవిడ ముందే చదివి వినిపించాం. పొద్దున పదింటికి మొదలుపెడితే ఇంటర్వెల్ సీను వచ్చేసరికి ఆవిడ కుర్చీలోనే కునుకు తీశారు. నేను ప్రాణం పెట్టి కాపాడిన రెక్కల గుర్రం ఉపకథ అప్పుడే నడుస్తోంది. టీ కప్పుల చప్పుడుకు లేచి, "ఆ గుర్రం ఎందుకు బాబూ? ఆ వారం ఏం రాయాలో తోచక రాశాను" అన్నారు. కాసేపాగి, "మరి అవ్వ కొంగు ముడి ఏది?" అని అడిగారు.

నవలలో అవ్వ మంత్రం గుర్తు తెచ్చుకునే ప్రతిసారీ కొంగు చివర ముడిని వేళ్లతో తడుముకుంటుంది. ఆ ముడి ఎందుకో చివరి అధ్యాయంలో గానీ తెలియదు. తెర మీద మూడు సెకన్ల పని. అన్నీ ఉంచాననుకున్న నేను జారవిడిచింది దాన్నే. రెండో ప్రతి 118 పేజీలు, గుర్రం లేదు, ముడి ఉంది. ఆ సినిమా రకరకాల కారణాల వల్ల ఆగిపోయింది, అది వేరే కథ.

అపోహ: సిరీస్‌గానో, రెండు మూడు భాగాలుగానో తీస్తే గొడవే ఉండదు.

'ది హాబిట్' మూడు వందల పేజీల పిల్లల పుస్తకం. 2012 నుంచి 2014 వరకు మూడు సినిమాలుగా, దాదాపు ఎనిమిది గంటలు తీశారు. చోటు ఎక్కువైతే లేని పాత్రలు వచ్చి కూర్చున్నాయి. నిడివికీ నవల సైజుకూ లంకె కూడా ఉండదు. హ్యారీ పాటర్ నవలల్లో పెద్దది అయిదోది, దాని సినిమా 138 నిమిషాలే. అంతకన్నా చాలా చిన్నదైన రెండో నవల సినిమా 161 నిమిషాలు.

అపోహ: కథ నడక మారకపోతే చాలు, మిగతావి చిల్లర మార్పులు.

ఉర్సులా లెగ్విన్ రాసిన ఎర్త్‌సీ ఫాంటసీ నవలల్లో కథానాయకుడు గెడ్‌ది రాగి రంగు ఒళ్లు. ఆ లోకంలో తెల్లవాళ్లు తక్కువ, అది ఆమె కావాలని చేసిన ఎంపిక. 2004లో వచ్చిన టీవీ సిరీస్‌లో ఆ పాత్రకు తెల్ల నటుణ్ణి పెట్టారు. ఆమె బహిరంగంగా నిరసన రాసింది. దాన్ని చిల్లర అనే వాళ్లతో నాకు మాటల్లేవు.

అపోహ: మూలం దాటితే తెలుగువాళ్లు సహించరు.

వ్యాస భారతంలో శశిరేఖ లేనే లేదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'ను మనం ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటున్నాం. ఇంతకన్నా ఏం చెప్పను?

అపోహ: రచయితే స్క్రీన్‌ప్లే రాస్తే సరి. కొందరు అద్భుతంగా రాస్తారు. చాలామంది తమ వాక్యాలను తామే కోసుకోలేరు.

ఫోను చేసిన అమ్మాయికి చెప్పింది ఇదే. సీన్ల జాబితా పక్కన పెట్టమ్మా, స్క్రిప్టు ఖరారు కాకముందు ఒకసారి చదివి అభిప్రాయం చెప్పే హక్కు రాయించుకో, అవి పోతే ఇది నా నవల కాదు అనిపించేవి మూడే మూడు రాసి వాళ్లకు ఇవ్వు, ఒప్పందాన్ని మాత్రం తప్పకుండా లాయరుకు చూపించు అన్నాను. నాలుగు రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది. అందులో రెండే ఉన్నాయి. ఒకటి, కథలోని నది ఎప్పుడూ మాట్లాడకూడదు. రెండు, చివర్లో తల్లి తిరిగి రాకూడదు. మూడోది ఇంకా ఆలోచిస్తున్నానని రాశారు.