ఆ పుండు వయసు వల్ల వచ్చింది కాదు: వృద్ధాశ్రమాలపై అపోహలు - వాస్తవాలు

మంచం పట్టినవాళ్లకు పుండ్లు కడిగి కట్లు కట్టే నర్సుని. ఇళ్లకూ వెళ్తాను, వృద్ధాశ్రమాలకూ వెళ్తాను. కట్టు విప్పగానే పక్కనున్నవాళ్లు ఒకటే మాట అంటారు: "పెద్ద వయసు కదమ్మా, ఇవి మామూలే." ఆశ్రమం వాళ్లు ఎందుకంటారో తెలుసు. కన్నబిడ్డలు కూడా నమ్మేస్తున్నారు, అదే నా బాధ.

అపోహ: మంచం పట్టాక బెడ్‌సోర్స్ రాక తప్పదు.

వాస్తవం: గంటల తరబడి కదలకుండా పడుకోబెడితే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, దానికి రక్తం అందదు. తడి డైపర్, చాలీచాలని తిండి తోడైతే కొద్ది రోజుల్లోనే చిట్లుతుంది. సుమారు రెండు గంటలకోసారి ఒత్తిగిలించి, ఒళ్లు పొడిగా ఉంచి, కడుపుకు పప్పో గుడ్డో సరిగ్గా పెడితే చాలామందికి అసలు రావు. చివరి దశలో కొందరికి ఎంత చూసుకున్నా వస్తాయి, నిజమే. కానీ ఎముక కనపడేంత పుండు రాత్రికి రాత్రి పడదు. ఆలోపు డైపర్ మార్చినవాళ్లు, స్నానం చేయించినవాళ్లు ఏం చూశారు?

"ఎయిర్ బెడ్ కొనిచ్చాం కదా" అంటారు. అది ఉన్నా తిప్పాల్సిందే. కమిలిన చోట పౌడర్ వేసి రుద్దకండి, చర్మం ఇంకా దెబ్బతింటుంది. మొదట ఎర్రగా కందుతుందని అందరూ చెప్తారు గానీ, మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు కనిపించకపోవచ్చు. చుట్టుపక్కల కంటే నల్లగానో ఊదాగానో ఉంటుంది, ముట్టుకుంటే వేడిగానో గట్టిగానో తగులుతుంది. మడమలు, తుంటి, నడుము కింది భాగం తప్పకుండా చూడండి.

ఒకమ్మాయి అమెరికా నుంచి రోజూ అమ్మకు వీడియో కాల్ చేసేది. ఆశ్రమం వాళ్లు తల దువ్వి, బొట్టు పెట్టి, ఫోన్ ముఖానికి ఎదురుగా పట్టుకునేవాళ్లు. నేను వెళ్లి దుప్పటి తీస్తే రెండు మడమలూ నల్లగా కమిలిపోయి ఉన్నాయి. "రోజూ చూస్తూనే ఉన్నాను కదక్కా" అని ఫోన్‌లో ఒకటే ఏడుపు. ఆ పిల్ల తప్పేముంది? మీరు కాల్ చేసినప్పుడు కాళ్లు, వీపు కూడా చూపించమనండి. ఎన్నింటికి ఏ పక్కకు తిప్పారో రాసిన చార్ట్ అడగండి.

మిగతావి గబగబా చెప్తాను. పగలంతా మగతగా పడుంటే "శాంతంగా ఉన్నారు" అనుకోవద్దు, ఏ మాత్ర ఇస్తున్నారో ప్రిస్క్రిప్షన్ చూపించమనండి. "చేరేటప్పుడు సంతకం పెట్టాం, ఇక అడగలేం" అనేది ఉత్త పుకారు. చూసుకుంటామని ఒప్పందం చేసుకుని, నిస్సహాయంగా ఉన్న మనిషిని కావాలని పట్టించుకోకపోవడం భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్ కింద నేరం.

"ఫిర్యాదు చేస్తే మా అమ్మ మీద కక్ష తీర్చుకుంటారేమో" అని చాలామంది టెన్షన్ పడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకే ముందు తేదీతో ఫోటోలు తీసుకోండి, బయటి డాక్టర్‌కు చూపించి పుండు ఎంత పొడవు, ఎంత లోతు ఉందో రాయించుకోండి, వేరే చోటు చూసిపెట్టుకోండి. ఆ తర్వాత 14567కి చేయండి. అది వయోవృద్ధుల హెల్ప్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది, డబ్బులేం కట్టక్కర్లేదు. కొడుతున్నారనో కట్టేస్తున్నారనో తెలిస్తే మాత్రం ఆగకుండా 112కి చేయండి. పుండు వాసన వస్తున్నా, జ్వరం ఉన్నా ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఫిర్యాదు సంగతి ఆ తర్వాత.