గోదావరి పాయల్లో చిన్న పడవకు లంగరు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నదిలో తిరిగే చిన్న పడవకు లంగరు అక్కర్లేదు, గెడ ఉంటే చాలు.

వాస్తవం: గెడ నేలకు అందినంత వరకే ఆధారం. గౌతమిలోగాని వసిష్ఠలోగాని ఇసుక మేట దాటి నాలుగు బారలు పోయేసరికి గెడ అందని లోతు వచ్చేస్తుంది. అక్కడ ఇంజను ఆగిందంటే పడవ నీటి వాలుకు కొట్టుకుపోతుంది. ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువనైతే గేట్ల వైపు, అంతర్వేది దగ్గర పాటు వేళైతే (సముద్రపు నీరు వెనక్కి తీసే వేళ) సముద్రం వైపు, వంతెన ఉన్నచోట స్తంభాల మీదికి పోతుంది. ఇంజను సరిచేసుకునే వరకు పడవను నిలిపి ఉంచేది లంగరే కనుక, అది లేకుండా ప్రయాణికులను ఎక్కించుకోవడం తప్పని నా నిశ్చితాభిప్రాయం.

అపోహ: తాడు కట్టిన బరువైన రాయి కూడా లంగరే.

వాస్తవం: నీట మునిగిన రాయి తన బరువులో మూడో వంతుకు పైగా కోల్పోతుంది; పది కిలోల నల్లరాయి అడుగున ఆరు కిలోల పైచిలుకే తూగుతుంది. ఇనుము కోల్పోయేది ఎనిమిదో వంతు మాత్రమే. అయినా అసలు పట్టు లంగరు నేలలో దిగబడటం వల్ల వస్తుంది. మన పాయల అడుగున ఉండేది ఎక్కువగా ఇసుక, ఒండ్రు. వాటిలో పారలా వెడల్పైన రెక్కలున్న లంగరు చక్కగా దిగుతుంది. సన్నని కొక్కేల మడత లంగరు రాళ్ల సందుల్లో చిక్కుకుంటుందిగాని ఇసుకలో జారిపోతుంది.

అపోహ: తాడు నేలను తాకేంత ఉంటే సరిపోతుంది.

వాస్తవం: తాడు నిట్టనిలువుగా ఉంటే ప్రతి కెరటం లంగరును పైకి పెకలిస్తుంది. నీటి లోతుకు పడవ ముందుకొస ఎత్తు కలిపి, ఆ మొత్తానికి కనీసం ఐదు రెట్లు, ఈదురుగాలి వీస్తుంటే ఏడు రెట్లు తాడు వదలాలి. నాలుగు మీటర్ల లోతుకు అర మీటరు ఎత్తు కలిపితే ఐదు రెట్లకే 22.5 మీటర్లు కావాలి. సముద్రానికి దగ్గరి రేవుల్లో పోటుకు పెరిగే నీటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. లంగరుకు, తాడుకు మధ్య రెండు మీటర్ల గొలుసు ఉంటే లాగుడు నేలవాలుగా ఉంటుంది. తాడు నైలానుదైతే మంచిది. నీటిపై తేలే ప్లాస్టిక్ తాడు ఇంజను ఫ్యానుకు చుట్టుకుంటుంది.

అపోహ: ఇంజను వెనుక ఉంటుంది కాబట్టి లంగరును కూడా అక్కడ కడితే చేతికి అందుతుంది.

వాస్తవం: అన్నిటిలోకి ప్రాణాంతకమైనది ఇదే. వెనుక కట్టిన తాడు బిగిసినప్పుడు ఇంజను బరువుతో అప్పటికే కుంగి ఉన్న ఆ భాగం ఇంకా కిందికి దిగి, ప్రవాహపు నీరు నేరుగా పడవలోకి ఎక్కుతుంది. లంగరు ఎప్పుడూ ముందుకొసకే కట్టాలి. విసరకుండా నెమ్మదిగా దించాలి. తాడు చుట్టల్లో కాలు పడకుండా చూసుకోవాలి.

వరదలో ముందుకొసకు కట్టినా అపాయమే. కొట్టుకొచ్చే చెట్టు తాడుకు తగులుకుంటే ఆ కొస మునిగిపోతుంది కనుక, వెంటనే తెంచడానికి పదునైన కత్తి చేతికందే చోట ఉండాలి. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడిందంటే, చిన్న పడవను ఒడ్డుకు చేర్చి గట్టిగా కట్టివేయాలి.