ఏడెన్ రేవు, దాని వెనుక నేల: దక్షిణ అరేబియాలో బ్రిటిష్ పాలన మిగిల్చిన చిక్కుముడి

దక్షిణ యెమెన్‌ను మళ్లీ ప్రత్యేక దేశం చేయాలన్న డిమాండ్ వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ ఉత్తర, దక్షిణ యెమెన్‌ల 1990 నాటి ఏకీకరణ, 1994 నాటి అంతర్యుద్ధం చర్చకు వస్తాయి. ఆ రెండూ తప్పక తెలుసుకోవలసినవే. అయితే ఉత్తర, దక్షిణాల మధ్య సరిహద్దు ఎలా ఏర్పడింది, దక్షిణంలోనే రేవు నగరమైన ఏడెన్ మాటను తూర్పున ఉన్న హద్రమౌత్ ప్రాంతం ఎందుకు నమ్మదు అన్న ప్రశ్నలకు జవాబు కావాలంటే, 1839 నుంచి 1967 దాకా అక్కడ సాగిన బ్రిటిష్ పాలనను చూడాలి. ఆ పాలనకు కావలసింది రేవు ఒక్కటే. వెనుకనున్న నేలను రేవుకు రక్షణగా మాత్రమే చూశారు. ఆ నేల మీద బతికే ప్రజలను ఒక దేశంగా నిలబెట్టాలన్న ఆలోచన ఆఖరి పదేళ్లలో గాని రాలేదు.

1837లో మద్రాసుకు చెందిన దరియా దౌలత్ అనే ఓడ ఏడెన్ దగ్గర చెడిపోయి ఒడ్డుకు కొట్టుకురాగా, స్థానికులు అందులోని సరుకును, ప్రయాణికులను దోచుకున్నారు. ఈస్టిండియా కంపెనీకి అది చక్కని సాకు అయింది. బొంబాయి, సూయెజ్‌ల మధ్య నడిచే ఆవిరి ఓడలకు బొగ్గు నింపుకునే మజిలీ ఒకటి అవసరం కాగా, ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ సేనలు అరేబియాలో ముందుకు రావడం కూడా కంపెనీని కలవరపెట్టింది. ఏడెన్ అప్పుడు ఎవరి చేతిలో ఉండిందో ఆ లహెజ్ సుల్తానుతో బేరాలు తెగకపోవడంతో, 1839 జనవరి 19న కెప్టెన్ హెయిన్స్ ఏడెన్‌ను బలవంతంగా స్వాధీనం చేసుకున్నాడు. అప్పటికి అది కొన్ని వందల మంది నివసించే శిథిల పట్టణం.

ఆ తర్వాత దాదాపు ఒక శతాబ్దం పాటు ఏడెన్‌ను పాలించింది లండన్ కాదు, భారతదేశం. 1932 వరకు అది బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. ఆపైన నేరుగా భారత ప్రభుత్వం కిందికి వెళ్లి, 1937 ఏప్రిల్ 1న విడిపోయి బ్రిటిష్ క్రౌన్ కాలనీ అయింది. అక్కడ చెల్లింది రూపాయి. ఆఫీసు గుమాస్తాలు, వర్తకులు, సైనికులలో చాలామంది మన దేశం నుంచి వెళ్లినవారే. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకున్నాక రేవు వేగంగా ఎదిగింది.

వెనుకనున్న ప్రాంతం మాటకొస్తే, బొంబాయి అనుసరించింది ఖర్చు తక్కువ విధానం. తెగల పెద్దలకు, సుల్తానులకు ఏటా భత్యం, తుపాకులు పేల్చి స్వాగతించే గౌరవ వందనం, కొన్ని ఆయుధాలు ఇచ్చి, వేరే ఏ శక్తికీ భూమి అప్పగించబోమని రాయించుకునేవారు. 1880ల నుంచి ఇవి సంరక్షణ ఒప్పందాలుగా మారాయి. ఒప్పందం చేసుకోవాలంటే సంతకం పెట్టే వ్యక్తి ఒకడు ఉండాలి. అందుకే తెగల మధ్య తీర్పరిగా ఉండిన పెద్దను కూడా బ్రిటిష్ వారు రాజుగా గుర్తించారు. భత్యమూ తుపాకులూ అతని చేతి మీదుగా వెళ్లడంతో అతని ఆధిక్యం నిజంగానే పెరిగింది. నా దృష్టిలో తర్వాతి అనర్థాలకు అసలు బీజం ఇదే. ప్రజల సమ్మతి మీద కాక, బయటినుంచి వచ్చే డబ్బు మీద నిలబడిన పాలకవర్గం ఆ డబ్బు ఆగిన రోజున కూలక తప్పదు.

ఈ కథలో హైదరాబాదుకు ఉన్న పాత్ర తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గుర్తించదగ్గది. పంతొమ్మిదో శతాబ్దంలో హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం సైన్యంలో పెద్ద సంఖ్యలో చేరారు. నేటి బార్కస్ ప్రాంతం వారి వారసులదే. ఆనాడు హద్రమౌత్ కోసం పోటీపడిన కుఐతీ, కథీరీ, ఔలకీ నాయకులు ముగ్గురూ హైదరాబాదులో జమాదారులుగా, అంటే సైనిక దళాల నాయకులుగా ఉన్నవారే. నిజాం కొలువులో సంపాదించిన సొమ్ముతో సొంత ఊళ్లో కోటలు కట్టి, కిరాయి సైన్యాలను పోషించి, అక్కడ యుద్ధాలు చేశారు. వారిలో కుఐతీలు హద్రమౌత్ తీరంలోని రేవు పట్టణాలైన షిహర్‌ను 1867లో, ముకల్లాను 1881లో గెలుచుకుని, 1888లో బ్రిటన్‌తో సంరక్షణ ఒప్పందం కుదుర్చుకున్నారు. వారి ఆస్తులూ పదవులూ హైదరాబాదులో ఉన్నందున వారి మీద ఒత్తిడి తేవడం బ్రిటిష్ వారికి సులువుగా ఉండేది. 1948లో పోలీసు చర్య తర్వాత హద్రమీ అరబ్బులను పలువురిని వెనక్కి పంపడంతో, అక్కడి కుటుంబాలకు అందుతూ వచ్చిన ఒక పెద్ద ఆదాయ మార్గం మూసుకుపోయింది.

ఉత్తర సరిహద్దు విషయానికొస్తే, 1900ల తొలి ఏళ్లలో బ్రిటిష్, ఒట్టోమన్ అధికారులు కలిసి గీసిన రేఖ 1914 ఒప్పందంతో ఖరారైంది. ఒట్టోమన్లు వెళ్లిపోయాక ఉత్తర యెమెన్ రాజధాని సనాలో అధికారం చేపట్టిన ఇమామ్ యహ్యా ఆ రేఖను ఒప్పుకోలేదు. ఆయన సేనలను బ్రిటన్ విమాన దాడులతో వెనక్కి నెట్టింది. 1934 సనా ఒప్పందం కూడా యథాతథ స్థితిని నలభై ఏళ్ల పాటు కొనసాగించాలని మాత్రమే తేల్చింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రేవుకూ నేలకూ మధ్య ఎడం మరింత పెరిగింది. ఇరాన్ తన చమురును జాతీయం చేశాక బ్రిటిష్ కంపెనీ 1954 నాటికి లిటిల్ ఏడెన్‌లో శుద్ధి కర్మాగారం నిర్మించింది. పని కోసం ఉత్తర యెమెన్ నుంచి వేలాది మంది వచ్చారు. 1955 జనాభా లెక్కల ప్రకారం ఏడెన్ కాలనీలో సుమారు 1,38,000 మంది ఉండగా, వారిలో మూడో వంతుకు పైగా ఉత్తరాది వారే. నగరాన్ని తమ చెమటతో నడిపిన ఆ కార్మికులకు శాసనమండలి ఎన్నికల్లో ఓటు లేదు. వారి ఆగ్రహానికి 1956లో ఏర్పడిన ఏడెన్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్, దాని నాయకుడు అబ్దుల్లా అల్ అస్నజ్ గొంతు అయ్యారు. సమ్మెలు పెరగగా 1960లో ప్రభుత్వం నిర్బంధ మధ్యవర్తిత్వ చట్టం తెచ్చి వాటిని కట్టడి చేసింది. ప్రజలు చట్టబద్ధంగా మాట్లాడగలిగిన దారిని ఆ చట్టం మూసివేసిందనడంలో నాకు సందేహం లేదు.

మరోవైపు 1959 ఫిబ్రవరిలో ఏడెన్ వెనుకనున్న పశ్చిమ సంరక్షిత ప్రాంతంలోని ఆరు చిన్న రాజ్యాలతో బ్రిటన్ ఒక సమాఖ్యను నిలబెట్టింది. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ రేడియో ప్రసారాలు, 1956 నాటి సూయెజ్ పరాభవం, ఇరాక్ విప్లవం కలిగించిన భయం అందుకు కారణం. ఏడెన్‌ను కూడా ఆ సమాఖ్యలో కలపాలన్న తీర్మానం 1962 సెప్టెంబర్ 24న నగర శాసనమండలిలో నెగ్గింది. రెండు రోజులకే సనాలో ఇమామ్ పాలన కూలి గణతంత్రం ఏర్పడింది. అయినా 1963 జనవరిలో విలీనం జరిపించారు. కార్మిక సంఘాలు, వార్తాపత్రికలు, అక్షరాస్యులు ఉన్న నగరం సుల్తానుల మెజారిటీ కిందికి వెళ్లింది. హద్రమౌత్‌లోని కుఐతీ, కథీరీ రాజ్యాలు, మహ్రా చివరిదాకా సమాఖ్యలో చేరనేలేదు.

1963 అక్టోబర్ 14న రద్‌ఫాన్ కొండల్లో మొదలైన తిరుగుబాటును నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ తన పోరాటానికి ఆరంభంగా ప్రకటించుకుంది. ఆ డిసెంబర్‌లో ఏడెన్ విమానాశ్రయంలో బ్రిటిష్ హైకమిషనర్ మీద గ్రెనేడ్ దాడి జరిగి, అత్యవసర పరిస్థితి అమలైంది. నిర్బంధితులను హింసిస్తున్నారన్న ఆరోపణలను 1966లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ప్రపంచం ముందుకు తెచ్చింది.

ఏడెన్‌లోని సైనిక స్థావరాన్ని తన చేతిలో ఉంచుకుని 1968 నాటికి స్వాతంత్ర్యం ఇస్తామని 1964లో చెప్పిన బ్రిటన్, 1966 ఫిబ్రవరి నాటి రక్షణ శ్వేతపత్రంలో స్థావరాన్నీ వదిలేస్తామని, స్వాతంత్ర్యం తర్వాత రక్షణ బాధ్యత తీసుకోబోమని ప్రకటించింది. బ్రిటన్‌ను నమ్మి ప్రాణాలు పణంగా పెట్టిన సమాఖ్య మంత్రులను ఇలా నడివీధిలో వదిలేయడం సమర్థించరానిది. ఆ రోజు నుంచి ఓడే పక్షాన నిలబడేందుకు ఎవరికీ కారణం లేకపోయింది. సైనికులు, పోలీసులు, గుమాస్తాలు రేపటి పాలకుల వైపు చూడసాగారు.

1967 జూన్ 20న, ఔలకీ తెగ ఆధిపత్యం మీద రగిలిన అసంతృప్తితో సమాఖ్య సైన్యంలో, పోలీసుల్లో తిరుగుబాటు లేచింది. ఆ ఒక్క రోజే 22 మంది బ్రిటిష్ సైనికులు మరణించారు. ఏడెన్‌లోని క్రేటర్ నగరభాగం జూలై 3 దాకా బ్రిటిష్ వారి చేతికి తిరిగి రాలేదు. అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంతో సూయెజ్ కాలువ అదే జూన్‌లో మూతపడి రేవు ఆదాయం పడిపోయింది. వేసవి ముగిసేలోపు సుల్తానులు ఒక్కొక్కరే కూలిపోయారు. ముకల్లాలో కుఐతీ పాలన సెప్టెంబర్‌లో ముగిసింది. ఫ్రంట్ తన ప్రత్యర్థి విమోచన సంస్థ అయిన ఫ్లోసీని వీధి పోరాటాల్లో ఓడించాక, జెనీవా చర్చల్లో బ్రిటన్ దాని నాయకుడు ఖహ్తాన్ అల్ షాబీకే అధికారం అప్పగించింది. నవంబర్ 30న దక్షిణ యెమెన్ స్వతంత్ర దేశమైంది.

కొత్త పాలకులు తెగల గుర్తింపును తుడిచేయాలని రాష్ట్రాలకు అంకెలు పెట్టారు. కానీ 1986 జనవరిలో పాలక పార్టీలో మొదలైన కాల్పులు అబ్యన్, షబ్వా వర్గాలు ఒకవైపు, లహెజ్, దాలె వర్గాలు మరోవైపు అన్నట్టు సాగి, వేల ప్రాణాలు తీశాయి. 2017లో ఏర్పడిన దక్షిణ పరివర్తన మండలి 1990కి ముందున్న సరిహద్దులతో దేశం కావాలని కోరింది. అంటే ఆ కోరికకు ఆధారం ఇమామ్ యహ్యా ఒప్పుకోని ఆ పాత రేఖే. హద్రమౌత్ నాయకుల్లో చాలామంది మాత్రం సనా పెత్తనంతో పాటు ఏడెన్ పెత్తనమూ వద్దంటూ, తమ ప్రాంతానికి స్వపరిపాలన కోరుతూ, 2023లో రియాద్‌లో హద్రమౌత్ జాతీయ మండలిని ప్రకటించారు.