బార్బెరా: చవకైన సీసాలోని పులుపు కథ

ఇటలీ వాయువ్య మూలన ఉన్న పీడ్‌మాంట్ ప్రాంతం పేరు చెప్పగానే వైన్ ప్రియులు బరోలో అంటారు. అది ఖరీదైన సీసా. అక్కడి ఇళ్లలో మామూలు రోజు భోజనానికి తీసేది బార్బెరా, అదే పేరున్న ద్రాక్షతో చేసే రెడ్ వైన్. ఆ ఊళ్ల దుకాణాల్లో 10 యూరోల లోపే దొరుకుతుంది. చవకైనది కదా, రుచీ అంతంతమాత్రమే అనుకునేవాళ్లు చాలామంది. నేను మాత్రం ఒప్పుకోను. ఆ చవకదనానికి కారణం చాలావరకు ద్రాక్ష తొక్కలోనే ఉంది.

రెడ్ వైన్ తాగితే చిగుళ్లు బిగుసుకుపోయినట్టు వగరుగా ఉంటుంది. తొక్కల నుంచి, గింజల నుంచి దిగే టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి. దాంతో నోట్లో జారుడు పోయి గరుకు మిగులుతుంది. నిజానికి ఇది రుచి కంటే ఎక్కువగా స్పర్శ. బరోలో చేసే నెబియోలో ద్రాక్షలో టానిన్లు దండిగా ఉంటాయి. అవి మెత్తబడాలి కాబట్టి, ఆ వైన్‌ని కనీసం 38 నెలలు నిల్వ ఉంచాకే అమ్మాలని నియమం. బార్బెరాలో టానిన్లు తక్కువ. ద్రాక్ష కోసిన మరుసటి ఏడాదే హాయిగా తాగొచ్చు. ఏళ్ల తరబడి దాచే ఖర్చు తప్పుతుంది. రంగు చూసి మోసపోకండి: ముదురు ఊదా ఎరుపులో ఉండే బార్బెరా మెత్తగా ఉంటుంది, లేత రంగు నెబియోలోనే నోరు బిగిస్తుంది.

బార్బెరా అసలు బలం పులుపు. సాధారణంగా ద్రాక్ష పండేకొద్దీ చక్కెర పెరిగి ఆమ్లం తగ్గుతుంది. బార్బెరాలో మాత్రం చక్కెర బాగా పెరిగినా ఆమ్లం గట్టిగానే నిలుస్తుంది. అందులో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లం. మన చింతపండు పులుపు కూడా ప్రధానంగా అదే. పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లమూ ద్రాక్షలో ఉంటుంది. దాన్ని బాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా, అంటే పెరుగులో ఉండే ఆమ్లంగా మార్చేస్తుంది. దాంతో పులుపులో కరుకుదనం తగ్గుతుంది.

రుచి చూసే ముందు సీసాని ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. 15, 16 డిగ్రీలు చాలు. అంతకంటే వెచ్చగా ఉంటే ఆల్కహాల్ ఘాటు పళ్ల వాసనని మింగేస్తుంది. ఇప్పుడు ముక్కు మూసుకుని ఒక గుక్క తీసుకోండి. పులుపు, కాస్త వగరు తప్ప ఏమీ తెలియదు. గుక్క మింగి ముక్కు వదలండి. చెర్రీ, ప్లమ్ పళ్ల వాసన ఒక్కసారిగా వస్తుంది. గొంతు వెనక నుంచి ముక్కులోకి ఆవిరి ఎక్కడం వల్లే ఇలా జరుగుతుంది. మనం వైన్ రుచి అనేదాంట్లో సింహభాగం ఈ వాసనే. ఆ తర్వాత దవడల పక్కన నీరూరుతుంటే అది ఆమ్లం పని.

ఒట్టిగా తాగితే ఆ పులుపు కొందరికి ఎక్కువే అనిపిస్తుంది. ఉప్పగా ఉన్న చీజ్ ముక్క తిని మళ్లీ తాగి చూడండి. ఉప్పు పులుపు పదును తగ్గిస్తుంది, కొవ్వుతో జిడ్డెక్కిన నోటిని పులుపు తేలిక చేస్తుంది. టమాటా పాస్తాతో ఇంకా బాగుంటుంది. బార్బెరాని భోజనంతో తప్ప విడిగా అంచనా వేయడం అన్యాయమని నా అభిప్రాయం.

ఈ పేరు మీద ఒక మచ్చ కూడా ఉంది. 1986లో కొందరు ఇలాంటి చవక వైన్లలో మిథనాల్ కలపడంతో ఇటలీలో పలువురు చనిపోయారు, కొందరికి చూపు పోయింది. ఆ తర్వాత తనిఖీలు కఠినమయ్యాయి. 2008లో ‘బార్బెరా దాస్తి’కి, అంటే పీడ్‌మాంట్‌లోని ఆస్తి ప్రాంతపు బార్బెరాకి, ఇటలీ వైన్లలో అత్యున్నతమైన డీఓసీజీ హోదా దక్కింది. ఆ పేరు వేయాలంటే కనీసం 90 శాతం బార్బెరా ద్రాక్షే ఉండాలి. లేబుల్ మీద ‘సుపీరియొరె’ అని ఉంటే, 14 నెలలు నిల్వ ఉంచారని, అందులో 6 నెలలు చెక్క పీపాల్లో గడిచాయని అర్థం. కొత్త పీపాలైతే వెనిల్లా వాసన కూడా తోడవుతుంది, ధరా పెరుగుతుంది. మొదటిసారి కొనేవారికి నేను ఆ మాట లేని సీసానే చెబుతాను.