మిగిలిన మాత్రల లెక్క

చిట్టీ, బాబీ,

"కొత్త మాత్రలు కొనడానికి వెళ్తే, పాతవి ఎన్ని మిగిలాయని మందుల షాపాయన నాన్నమ్మని అడిగాడు తాతయ్యా. పాతవాటితో ఆయనకేం పని?" అని ఫోనులో చిట్టి అడిగింది. అది ఫోనులో తేలే సంగతి కాదని ఇలా రాస్తున్నా.

నాన్నమ్మకి బీపీ, షుగరు, థైరాయిడ్ ఉన్నాయి. ఇవి నాలుగు రోజులుండి పోయేవి కావు. మన పెరట్లో గోలెం ఉందా? దాని అడుగున సన్నటి చిల్లు ఉందనుకోండి. రోజూ ఒక చెంబు పోస్తేనే నీళ్ల మట్టం నిలుస్తుంది. ఒంట్లో మందూ అంతే. బాగానే ఉన్నాను కదా అని మానేస్తే మట్టం దిగిపోతుంది. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు, అదే చిక్కు. నిన్న మరిచిపోయానని ఇవాళ రెండు చెంబులు గుమ్మరిస్తే పొర్లిపోయి పెరడంతా బురద. పెళ్లికి ఊరెళ్లినా చిల్లు ఊరుకోదు. గోలేన్ని పెళ్లికి మోసుకెళ్లలేమనుకోండి, మాత్రలు మాత్రం సంచిలో పడాల్సిందే.

ఇప్పుడు లెక్క చూడండి. రోజుకొకటి చొప్పున 30 మాత్రలు కొన్నారు. నెల తిరిగేసరికి 12 మిగిలాయి. అంటే 12 రోజులు చెంబు పడలేదు. ఇది తెలియక, బీపీ తగ్గలేదని డాక్టరుగారు డోసు పెంచేయొచ్చు. ఫార్మసిస్టు, అదే ఆ మందుల షాపాయన, అయితే మెల్లిగా ఆరా తీస్తాడు. మరిచిపోతున్నారా, వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయా, డబ్బు సరిపోక రోజు విడిచి రోజు వాడుతున్నారా? డబ్బు ఇబ్బందే అయితే అదే మందు జనరిక్‌లో, అంటే పెద్ద కంపెనీ బ్రాండు పేరు లేకుండా, చవకగా దొరుకుతుందని, డాక్టరుగారిని అడగమని చెబుతాడు. ధనిక దేశాల్లో కూడా ఇలాంటి జబ్బులున్నవాళ్లలో సగం మందే మందులు సరిగ్గా వాడుతున్నారని 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కాబట్టి నాన్నమ్మ మీద కేకలెయ్యకండి.

నా చిన్నప్పుడు విశాఖలో కేజీహెచ్ పెద్దాసుపత్రి డౌన్ దగ్గర ఒక కాంపౌండరుగారు ఉండేవారు. మిక్చరు కలిపి సీసాలో పోసి, కాగితం పట్టీ మడిచి, కత్తెరతో గాట్లు పెట్టి, విప్పి సీసాకి అంటించేవారు. గాటుకో పూట. మా అమ్మకి అక్షరం ముక్క రాదు, అయినా ఒక్క పూట తప్పేది కాదు. ఇప్పుడు కొందరు స్ట్రిప్పు మీద పెన్నుతో సూర్యుణ్ణీ, చంద్రుణ్ణీ గీసిస్తారు. చదువుకున్నవాళ్లకీ అది పనికొస్తుంది, మూడు రకాల మాత్రలుంటే ఎవరికైనా తికమకే.

థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, కాఫీకి అరగంటో గంటో ఆగాలి. నాన్నమ్మకి ఆ గంట యుగం, తెలుసు. ఇంకోటి, మాత్రలన్నీ విప్పి స్టీలు డబ్బాలో పోసుకోవద్దని చెప్పండి. మన విశాఖ తేమకి పాడైపోతాయి, ఏది ఏదో కూడా తెలియదు.

ఈసారి షాపుకి వెళ్తే, స్ట్రిప్పులో సగమే కొన్నప్పుడు ఏ వైపు నుంచి కత్తిరిస్తున్నారో చూడండి. గడువు తేదీ ఎవరి ముక్కలో మిగిలిందో కనిపెట్టి నాకు రాయండి. చూడ్డమే, మాత్రలు మాత్రం ముట్టుకోవద్దు.

మీ తాతయ్య