బయోస్ పాస్‌వర్డ్ దేన్ని కాపాడుతుంది, దేన్ని కాపాడదు: అపోహలు - వాస్తవాలు

అపోహ: బయోస్ పాస్‌వర్డ్ పెడితే ఫైళ్లన్నీ భద్రం.

వాస్తవం: బయోస్ అంటే ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్, దాని సెట్టింగుల మెనూనే సెటప్. దాని పాస్‌వర్డ్ ఉండేది మదర్‌బోర్డులో, ఫైళ్లు ఉండేది డిస్కులో. కేబినెట్ పక్క తలుపు స్క్రూలు విప్పి, డిస్కుకున్న సాటా, పవర్ కేబుళ్లు పీకి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే బయోస్ పాస్‌వర్డ్ అడిగే దిక్కే ఉండదు. ఫైళ్లు దాచుకోవాలంటే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయాల్సిందే, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చాల్సిందే. విండోస్‌లో అందుకు బిట్‌లాకర్ ఉంది. అది ఆన్‌లో ఉంటే సెటప్‌లో చేయి పెట్టే ముందు దాన్ని సస్పెండ్ చేయండి (తాత్కాలికంగా ఆపండి), 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెట్టింగు) లాంటివి మారిస్తే మరుసటిసారి ఆన్ చేయగానే ఆ కీ అడగవచ్చు.

అపోహ: స్టార్టప్ పాస్‌వర్డ్, సెటప్ పాస్‌వర్డ్ ఒకటే. ఏదో ఒకటి పెడితే చాలు.

వాస్తవం: ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. చాలా సెటప్ మెనూల్లో సెటప్ పాస్‌వర్డ్ పేరు అడ్మినిస్ట్రేటర్ అని, స్టార్టప్ పాస్‌వర్డ్ పేరు యూజర్ అని కనిపిస్తాయి. అడ్మినిస్ట్రేటర్ ఒక్కటే పెడితే కంప్యూటర్ ఏమీ అడగకుండానే ఆన్ అవుతుంది, సెటప్‌లోకి వెళ్లేటప్పుడు మాత్రమే అడుగుతుంది. యూజర్ ఒక్కటే పెడితే ఆన్ చేయగానే అడుగుతుంది. కానీ ఏఎమ్‌ఐ అనే కంపెనీ చేసే చాలా బయోస్‌లలో ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లకు సెటప్‌లో పూర్తి అధికారం దక్కుతుంది. అంటే రోజూ ఆ కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరూ బూట్ క్రమం (ఏ డిస్కు నుంచి కంప్యూటర్ మొదలవ్వాలన్న వరుస) మార్చేయగలరు.

అందుకే ముందు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్, ఆ తర్వాతే యూజర్ పాస్‌వర్డ్. ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉండండి (కొన్నింటిలో ఎఫ్10). సెక్యూరిటీ పేజీలో రెండూ పెట్టి, బూట్ పేజీలో లోపలి డిస్కును మొదటికి తెచ్చి, యూఎస్‌బీ బూట్, నెట్‌వర్క్ బూట్ ఆపేసి సేవ్ చేయండి. అక్కడితో వదిలేయకండి. పెన్‌డ్రైవ్ గుచ్చి, బూట్ మెనూ కీ (సాధారణంగా ఎఫ్8, ఎఫ్11, ఎఫ్12లో ఒకటి) నొక్కి చూడండి. సెటప్‌కు తాళం పడినా ఈ మెనూ తెరిచే ఉండే బోర్డులు ఉన్నాయి.

అపోహ: గుర్తులు ఎక్కువ ఉంటే పాస్‌వర్డ్ గట్టిది.

వాస్తవం: బయోస్ చాలావరకు అమెరికన్ కీబోర్డునే లెక్కలోకి తీసుకుంటుంది. బ్రిటిష్ కీబోర్డు మీద కొట్టిన "@" అక్కడ ఇంకో గుర్తుగా పడుతుంది. టైప్ చేసేది తెరమీద కనిపించదు కాబట్టి తప్పెక్కడో అంతుపట్టదు. నమ్‌లాక్ ఆఫ్‌లో ఉంటే కుడివైపు అంకెలు పడనే పడవు. ఇంగ్లిష్ అక్షరాలు, పై వరుస అంకెలతో పొడవుగా పెట్టుకోవడం మేలు. బ్లూటూత్ కీబోర్డు ఈ దశలో సాధారణంగా పనిచేయదు, వైరు కీబోర్డు దగ్గర ఉంచుకోండి.

అపోహ: మదర్‌బోర్డు మీది బటన్ సెల్ తీసి పెడితే ఏ పాస్‌వర్డ్ అయినా పోతుంది.

వాస్తవం: పాత బోర్డుల్లో నిజమే. 3 వోల్టుల సీఆర్2032 సెల్ మీద బతికే సీమాస్ మెమరీలో (బయోస్ సెట్టింగులు ఉండే చోటు) పాస్‌వర్డ్ ఉండేది, సెల్ తీస్తే తుడిచిపెట్టుకుపోయేది. ఇప్పటి చాలా బోర్డుల్లో అది కరెంటు లేకున్నా చెరగని చిప్‌లో ఉంటుంది. సెల్ తీస్తే తేదీ, టైమ్ పోతాయి, పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది.

ఆఫీసు డెస్క్‌టాప్‌లలో దీనికి వేరే దారి ఉంది: బోర్డు మీద పాస్‌వర్డ్ జంపర్. పవర్ వైరు పీకి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టి, పీఎస్‌డబ్ల్యూడీ లాంటి పేరున్న రెండు పిన్నుల మీది చిన్న ప్లాస్టిక్ టోపీ తీసి, ఒకసారి ఆన్ చేస్తే పాస్‌వర్డ్ చెరిగిపోతుంది. మళ్లీ ఆపి, టోపీ పెట్టి, కొత్తది పెట్టుకోవాలి. బోర్డును బట్టి ఈ వరుస కాస్త మారుతుంది, మాన్యువల్ చూసి చేయండి. మీకు తెలిసిన ఈ దారి దొంగకూ తెలుసు. అందుకే కేబినెట్ వెనక కొక్కేనికి చిన్న తాళం వేయకుండా పాస్‌వర్డ్ ఒక్కటే పెట్టడం సగం పనే.

అపోహ: స్టార్టప్ పాస్‌వర్డ్ ఉంటే లేచి వెళ్లినా పర్లేదు.

వాస్తవం: అది అడిగేది ఆన్ చేసినప్పుడు, రీస్టార్ట్ అయినప్పుడు. స్లీప్ నుంచి లేపితే సాధారణంగా అడగదు, అక్కడ కాపలా విండోస్ లాక్‌దే. మరో చిక్కు: రాత్రి అప్‌డేట్ తర్వాత దానంతటదే రీస్టార్ట్ అయిన కంప్యూటర్, ఎవరో వచ్చి పాస్‌వర్డ్ కొట్టేదాకా నల్ల తెర మీదే ఆగిపోతుంది. దూరం నుంచి కనెక్ట్ అయి వాడే కంప్యూటర్‌కు స్టార్టప్ పాస్‌వర్డ్ వద్దు, సెటప్ పాస్‌వర్డ్ మాత్రం తప్పక పెట్టండి.